క్వార్ట్‌జైట్ చేతిగొడ్డలి ప్రాజెక్టు డైరీ: అసలు పనితనం మందంలో కనిపిస్తుంది

తలపెట్టిన పని

పాతరాతియుగం మనుషులు వాడిన రాతి చేతిగొడ్డలి, అత్తిరంపాక్కం తరహాది ఒకటి, దానికి జోడీగా క్లీవర్ (మొన బదులు అడ్డంగా వెడల్పాటి పదును అంచున్న రాతి పనిముట్టు) ఒకటి తయారుచెయ్యాలి. రాతిని రాతితో, కొయ్యతో మాత్రమే కొట్టాలి. గ్రైండరు, ఉలి, రంపం ఏవీ ముట్టుకోకూడదు.

అత్తిరంపాక్కం తమిళనాడులో కొర్తలైయార్ నదీ పరీవాహకంలో ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో ఈ చోటుని గుర్తించాడు. అదే ఏడాది మే 30న పల్లావరంలో ఆయనకి దొరికిన పనిముట్టుతోనే మన దేశంలో పాతరాతియుగం అధ్యయనం మొదలైంది. తర్వాతి కాలంలో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం జరిపిన తవ్వకాల్లో అత్తిరంపాక్కం అడుగు పొరల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని తేలింది. ఆ వివరాలు 2011లో ప్రచురితమయ్యాయి.

మ్యూజియంలో చేతిగొడ్డలిని చూసినవాళ్లు ముందుగా మెచ్చుకునేది దాని రూపాన్ని. రెండు వైపులా సమానంగా దిగి మొన దగ్గర కలిసే ఆ బాదంపప్పు ఆకారం ఎవరి కంటికైనా ఆనుతుంది. మా ఉద్దేశంలో మాత్రం ఆ ఆకారం తేలిక పని. ఓపిగ్గా అంచు చుట్టూ చిన్న చిన్న పెచ్చులు రాలగొడుతూ పోతే కొత్తవాళ్లకైనా అది వస్తుంది. పనిముట్టుని పక్కకి తిప్పి, మందం చూడాలి. వెడల్పు పోగొట్టుకోకుండా మందం తగ్గించడం ఎంత కష్టమో రాయి కొట్టినవాళ్లకే తెలుస్తుంది. ఫ్రెంచి పరిశోధకుడు ఫ్రాన్సువా బోర్డ్ చేతిగొడ్డళ్ల వెడల్పుని మందంతో భాగించి, 2.35 దాటినవాటిని పల్చటివిగా లెక్కేశాడు. తన చేత్తో స్వయంగా రాయి కొట్టిన మనిషి ఆయన. ఈ ప్రాజెక్టుకి గీటురాయి ఆ అంకే.

రాయి ఎంపిక

ఇసుకరాయిలో రేణువుల మధ్య సందుల్ని సిలికా నింపేసి, మొత్తం ఒకే ముద్దగా గట్టిపడితే అది క్వార్ట్‌జైట్. గుండ్రాయి పైతోలు చూసి ఏమీ చెప్పలేం. ఓ మూల చిన్న పెచ్చు లేపి, తాజా ముఖం చూడాలి. పగులు రేణువుల్ని చుట్టి పోకుండా వాటిని కోసుకుంటూ పోతే ముఖం నున్నగా ఉండి, వెలుతురులో సన్నగా మెరుస్తుంది. బొటనవేలితో రుద్దినప్పుడు ఇసుక రాలితే ఆ రాయి వద్దు.

రెండో పరీక్ష చప్పుడు. రాయిని అరచేతిలో వదులుగా ఆనించి, చిన్న గులకరాయితో తట్టాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా, చచ్చుగా పలికితే లోపల నెర్ర ఉన్నట్టే. మూడోది నీళ్ల పరీక్ష. రాయిని తడిపి ఎండలో పెడితే పైభాగం ముందు ఆరిపోతుంది, నెర్రలు నీళ్లు తాగి ఉంటాయి కాబట్టి కాసేపు నల్లటి గీతల్లా మిగులుతాయి. ఆ గీతలు రాయి నడుమ నుంచి పోతుంటే పక్కన పెట్టెయ్యాలి. ఓ కొసన ఉంటే ఆ కొస ముందే కొట్టేసి వాడుకోవచ్చు.

పొరలున్న రాయి అయితే పొరలు గొడ్డలి ముఖాలకి సమాంతరంగా పడేట్టు చూసుకోవాలి. అడ్డంగా పడితే ప్రతి పెచ్చూ పొర దగ్గరికొచ్చి తెగిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాత పనిముట్లు దొరికే చోట రాయి ఏరకూడదు, ఒక్క పెచ్చు కూడా కదపకూడదు. ఏ పెచ్చు ఏ పొరలో, దేని పక్కన ఉందన్నదే దాని విలువ. చేతిలోకి తీసుకున్న క్షణంలో ఆ విలువ పోతుంది.

కొట్టే సామాను

సుత్తిరాళ్లు నాలుగు. పెద్ద పెచ్చు విడగొట్టడానికి 3 కిలోలది, అంచు తెరవడానికి 750 గ్రాములది, సవరణలకి 350 గ్రాములది. ఈ మూడూ గట్టి క్వార్ట్‌జైట్ గుండ్రాళ్లే, కోడిగుడ్డు వాటం ఉన్నవి. సన్నటి కొసతో కొడితే దెబ్బ ఎక్కడ పడుతుందో కంటికి తెలుస్తుంది. నాలుగోది 400 గ్రాముల మెత్తటి ఇసుకరాయి. మెత్తటి సుత్తిరాయి అంచుని చిదపకుండా ఓ క్షణం పట్టుకుని లాగుతుంది, పెచ్చు పల్చగా, పొడుగ్గా లేస్తుంది.

కొయ్య సుత్తికి ఎండిన తుమ్మ కర్ర. 30 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. మందం, దాదాపు అర కిలో బరువు. క్వార్ట్‌జైట్ అంచు కొయ్యని తొందరగా తినేస్తుంది. ఒకే చోట కొడితే గుంట పడి దెబ్బ జారుతుంది కాబట్టి కర్రని తిప్పుకుంటూ వాడాలి. ఇంగ్లండులోని బాక్స్‌గ్రోవ్‌లో సుమారు 5 లక్షల ఏళ్ల నాటి జింకకొమ్ము సుత్తి దొరికింది. ఈ పనికి కొమ్ము కొయ్యకంటే మేలైనదే. కానీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అడవి జింక కొమ్ము జోలికి పోకూడదు. కొయ్యతోనే పని జరుగుతుంది.

ఇవి కాక, అంచు రుద్దడానికి గరుకు ఇసుకరాతి ముక్క, తొడ మీద పరుచుకోవడానికి రెండు మడతల మందపాటి తోలు, పక్కలకి కూడా కప్పు ఉండే కళ్లద్దాలు, ఎడమచేతికి తోలు గ్లౌవు, ఎన్95 మాస్కు, కింద టార్పాలిన్. పని ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వీచేట్టు కూర్చుని చెయ్యాలి. క్వార్ట్‌జైట్ దుమ్ము స్ఫటిక సిలికా. అది ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం కాదు. చీపురుతో ఊడవకుండా నీళ్లు చల్లి ఎత్తాలి.

పెచ్చు ఎలా లేస్తుంది

అంచు మీద దెబ్బ పడగానే ఆ చుక్క నుంచి పగులు శంకువులా లోపలికి విచ్చుకుని, రాయి ముఖానికి కాస్త లోపలగా పరిగెత్తుతుంది. ఊడిన పెచ్చు లోపలి ముఖం మీద దెబ్బ కింద ఓ బొడిపె, అక్కడి నుంచి అలలు కనిపిస్తాయి. క్వార్ట్‌జైట్‌లో అలలు చెకుముకి రాతిలో ఉన్నంత స్పష్టంగా ఉండవు. వాలు వెలుతురులో చూడాలి.

మూడు నియమాలు. దెబ్బ పడే చోటు, అంటే ప్లాట్‌ఫామ్, పెచ్చు లేవాల్సిన ముఖంతో చేసే కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి. 65 నుంచి 80 మధ్య బాగా పలుకుతుంది. 90 దాటితే ఎంత బలంగా కొట్టినా అంచు నుజ్జవుతుందే తప్ప పెచ్చు రాదు. రెండోది, పగులు ఎత్తుగా ఉన్న వెన్ను వెంటే పరిగెత్తుతుంది. వెన్ను లేని చదును చోట కొడితే పెచ్చు అటూ ఇటూ పరుచుకుని పొట్టిగా ఆగిపోతుంది. మూడోది, అంచుని ఎప్పుడూ రుద్ది మొద్దుగా చెయ్యాలి. పదునైన అంచు మీద కొడితే అదే విరుగుతుంది, దెబ్బ లోపలికి చేరదు. కొత్తవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. పదునైన వస్తువు చెయ్యడానికి అడుగడుగునా పదును చంపుకుంటూ పోవాలి.

మొదటి నమూనా: గుండ్రాయి నుంచి

కొలతలు 19 × 13 × 8.5 సెం.మీ., బరువు 2.9 కిలోలు. గుండ్రటి రాయికి 90 లోపు కోణం ఎక్కడా సహజంగా ఉండదు. కాస్త చప్పిడిగా ఉన్న కొస నుంచి 750 గ్రాముల సుత్తితో ఒక పెచ్చు లేపి, ఆ గుంటనే ప్లాట్‌ఫామ్‌గా చేసుకుని రాయి తిప్పి రెండో ముఖం మీద కొట్టడం, మళ్లీ తిప్పడం. ఇలా మార్చి మార్చి కొడితే వంకరటింకర అంచు ఒకటి చుట్టూ ఏర్పడుతుంది.

పూర్తయ్యేసరికి 14 × 9 × 5.2 సెం.మీ., 780 గ్రాములు. వెడల్పుని మందంతో భాగిస్తే నిష్పత్తి 1.73. పైనుంచి చూస్తే ఆకారం కుదిరింది, మందం దిగలేదు. కారణం రాయి వాటంలోనే ఉంది. గుండ్రాయికి రెండు ముఖాలూ ఉబ్బుగానే ఉంటాయి. ఆ ఉబ్బు తీయాలంటే పెచ్చు అంచు నుంచి నడుం దాటి పోవాలి. క్వార్ట్‌జైట్‌లో అంత దూరం నడిపించేలోపు వెడల్పు కరిగిపోతుంది. మడమ వైపు, అంటే మొనకి ఎదురు కొసన, పైతోలు అలాగే ఉంచాం. అలాంటి మడమలు పాత పనిముట్లలోనూ కనిపిస్తాయి, చేతికి పట్టు బాగుంటుంది.

రెండో నమూనా: పెద్ద పెచ్చు నుంచి

భారత ఉపఖండంలో అషూలియన్ (చేతిగొడ్డళ్లు, క్లీవర్లు చేసిన పాతరాతియుగపు సంప్రదాయం) చేతిగొడ్డళ్లు చాలావరకు 10 సెం.మీ. దాటిన పెద్ద పెచ్చుల మీద చేసినవి. మొదటి నమూనా తర్వాత దీని వెనక ఉన్న తెలివి పూర్తిగా అర్థమవుతుంది. పెద్ద పెచ్చుకి లోపలి ముఖం పుట్టుకతోనే దాదాపు చదును. సగం పని ఒక్క దెబ్బలో అయిపోతుంది. కర్ణాటకలోని ఇసంపూర్‌లో పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య బృందం తవ్విన చోట సున్నపురాతి పలకల దగ్గరే పని సాగింది. రాయి వాటం చూసి పద్ధతి ఎంచుకోవడం అంత పాత అలవాటు.

దాదాపు 14 కిలోల బండని మట్టిలో సగం పాతి, వాలుగా ఉన్న అంచుకి 4 సెం.మీ. లోపల 3 కిలోల సుత్తిరాతితో రెండు చేతులా కొట్టాలి. అంచుకి మరీ దగ్గరగా కొడితే చిన్న పెచ్చు వస్తుంది, మరీ లోపలికి కొడితే ఏమీ రాదు, రాయి లోపల కనపడని నెర్రలు పడతాయి. అందుకే ఒకే చోట పదేపదే కొట్టకూడదు. దెబ్బ పలకకపోతే చోటు మార్చాలి. బండ కింద మరో రాయి తగలకుండా చూసుకోవాలి, లేదంటే రెండు వైపుల నుంచీ పగులు మొదలై బండ నిలువునా చీలుతుంది.

వచ్చిన పెచ్చు 18 × 13 × 5.5 సెం.మీ., 1.6 కిలోలు. నిష్పత్తి 2.36. చూడ్డానికి గీటు దాటినట్టే ఉంది. కానీ ఇది మోసపు అంకె. చుట్టూ అంచు చెక్కడం మొదలుపెట్టగానే పోయేది వెడల్పు, మందం కాదు. చుట్టూ అంచు కుదిరేసరికి వెడల్పు 10.5, మందం 5.3, నిష్పత్తి 1.98కి పడిపోయింది. ఇక్కడ ఆగితే ఆకారమున్న మందపాటి గొడ్డలి మిగులుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా.

పల్చన చెయ్యడం

ముందు బొడిపె. పెచ్చు మందమంతా అక్కడే ఉంటుంది. బొడిపెకి రెండు పక్కల నుంచి 350 గ్రాముల సుత్తితో ఎదురెదురుగా రెండు పెచ్చులు లేపితే నడుమ ఓ వెన్ను మిగులుతుంది. మూడో పెచ్చు ఆ వెన్ను వెంట నడిచి బొడిపెని తీసుకుపోతుంది. వరస తప్పించి నేరుగా బొడిపె మీదికి కొడితే పగులు దాని పక్కకి జారిపోతుంది.

తర్వాత నడుం. ఇందులో ఒక్క పెచ్చుని దగ్గరగా చూస్తే పనంతా అర్థమవుతుంది. ఎడమ అంచు మధ్యలో, రెండు పాత గుంటల నడుమ వెన్ను ఒకటి నడుం దాకా పోతోంది. ఆ వెన్ను మొదలయ్యే చోట అంచు, రెండు ముఖాల మధ్యరేఖకి పైన ఉంది. అలా ఉంటే పెచ్చు పొట్టిగా ఆగిపోతుంది. మొదట కింది ముఖం నుంచి పై ముఖం మీదికి మూడు నాలుగు చిన్న పెచ్చులు లేపి అంచుని మధ్యరేఖకి 3 మి.మీ. కిందికి దించాలి. తర్వాత వెన్నుకి ఇటూ అటూ చిన్న పెచ్చులు తీసి, ప్లాట్‌ఫామ్‌ని మిగతా అంచు కంటే 2 మి.మీ. ముందుకి పొడుచుకొచ్చేలా ఒంటరిగా నిలబెట్టాలి. గరుకు రాయితో ముందుకీ వెనక్కీ కాదు, అంచు పొడవునా రుద్దాలి. గోరు పెట్టి గీస్తే గోరు పొట్టు లేవనంత మొద్దుగా అవ్వాలి. అప్పుడు ఇసుకరాతి సుత్తితో, లోపలికి కొట్టినట్టు కాకుండా అంచుని ఒరుసుకుంటూ పోయేట్టు, చెయ్యి మధ్యలో ఆపకుండా ఒక్క దెబ్బ.

లేచిన పెచ్చు 6.5 సెం.మీ. పొడవు, నడుం దగ్గర 5 మి.మీ. మందం, కొస ఈకలా కాదు గానీ కాగితం అంచంత సన్నం. నడుం దాటి అవతలికి పోయింది. ఒక్క పెచ్చుతో అక్కడ మందం 4 మి.మీ. దిగింది, వెడల్పు పోయింది 2 మి.మీ. మాత్రమే. దెబ్బకి పట్టేది రెప్పపాటు. దాని ముందు సిద్ధం చెయ్యడానికి పట్టిన సమయం చాలా ఎక్కువ. పాత చేతిగొడ్డలి ముఖం మీద నడుం దాటిన గుంట ఒక్కటి కనిపించినా, దాని వెనక ఇంత సన్నాహం ఉందని గుర్తుపట్టాలి. కోణం, వెన్ను, రుద్దుడు, పట్టు అన్నీ చూసుకున్నాకే ఆ చెయ్యి పైకి లేచింది.

రాయిని పట్టుకునే తీరు కూడా ముఖ్యం. పెచ్చు లేచే చోట కింది ముఖానికి వేళ్లు మెత్తగా ఆనించి ఉంచాలి. వేళ్లు బిగిస్తే పెచ్చు మధ్యలో విరుగుతుంది, అసలు ఆనించకపోతే ఊడి ఎగిరిపోతుంది. మొన వైపు కొట్టేటప్పుడు గొడ్డలి పొడవంతా తొడ మీది తోలుకి ఆని ఉండాలి.

ఏమేం చెడుతుంది

హింజ్: పెచ్చు కొస సన్నబడకుండా గుండ్రంగా పైకి తిరిగి ఆగిపోతుంది. బలం చాలనప్పుడు, దెబ్బ బయటికి లాగినప్పుడు, ముఖం చదునుగా లేదా గుంటగా ఉన్నప్పుడు వస్తుంది. అదే వైపు నుంచి మళ్లీ కొడితే రెండో హింజ్ మొదటి దాని మీద పేరుకుని, నడుమ గూని మిగులుతుంది. మందు ఒకటే, ఎదురు అంచు నుంచి పెచ్చు లేపి దాని కిందుగా తవ్వుకు రావాలి.

మెట్టు: కొస నిట్టనిలువుగా తెగిపోతుంది. రాయిలో నెర్రో పొరో అడ్డుపడి ఉండొచ్చు. 

అడ్డంగా విరగడం: ఇదే ఎక్కువ బాధ పెడుతుంది. ఓ కొసన కొట్టిన దెబ్బకి రాయి అదిరి, ఎక్కడో దూరంగా నడుం దగ్గర రెండు ముక్కలవుతుంది. పల్చబడే కొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. ఆనిక సరిగా లేకపోవడం, సుత్తి మరీ బరువుగా ఉండడం కారణాలు. మందం 4.5 సెం.మీ.కి దిగాక 750 గ్రాముల సుత్తి పక్కన పెట్టేశాం.

అవతలి అంచు పోవడం: పగులు ముఖమంతా దాటి ఎదుటి అంచుని కూడా తీసుకుపోతుంది. ప్లాట్‌ఫామ్ మరీ లావుగా ఉండి, ముఖం మరీ ఉబ్బుగా ఉంటే ఇలా అవుతుంది.

చివరి సవరణలు మొన దగ్గర తుమ్మ కర్రతో. అంచుని పక్క నుంచి చూస్తే వంకర తిరుగుళ్లు పోయి దాదాపు తిన్నగా రావాలి. ముగింపు కొలతలు 15.5 × 9.4 × 3.9 సెం.మీ., 680 గ్రాములు. నిష్పత్తి 2.41.

పెచ్చులన్నీ ఏరి తూచాం. 2 సెం.మీ. దాటినవి 790 గ్రాములు, చిన్న ముక్కలు 110. మొదటి బరువుతో పోలిస్తే 20 గ్రాముల తేడా. అది దుమ్ము. కొంత టార్పాలిన్ మీద, కొంత గాలిలో. మాస్కు ఎందుకన్నదానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

క్లీవర్

క్లీవర్‌కి మొన ఉండదు, ఆ చోట అడ్డంగా వెడల్పాటి పదును అంచు ఉంటుంది. ఆ అంచుని ఎవరూ తర్వాత చెక్కలేదు. పెచ్చు లోపలి ముఖం, దాని పై ముఖం మీద ముందే ఉన్న పాత గుంట, ఈ రెండూ కలిసిన చోటే ఆ అంచు. అంటే పెచ్చు ఇంకా బండలో ఉండగానే పదును ఎక్కడ పడాలో నిర్ణయమైపోయింది. మమ్మల్ని చేతిగొడ్డలి కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

పద్ధతి ఇది. బండ ముఖం మీద ముందుగా ఓ వెడల్పాటి పెచ్చు లేపాలి. తర్వాత పక్క వైపు నుంచి, ఆ గుంటని కోసుకుంటూ పోయేట్టు రెండో పెద్ద పెచ్చు తియ్యాలి. ఆ గుంట ఈ కొత్త పెచ్చుకి పక్క అంచు మీద పడాలి. ఆ పక్కే క్లీవర్ నోరు అవుతుంది. మిగిలిన రెండు పక్కలూ 350 గ్రాముల సుత్తితో సమానం చేసి, బొడిపె తీస్తే పని పూర్తి. నోటి అంచుని ఒక్కసారి కూడా ముట్టుకోకూడదు.

వచ్చిన క్లీవర్ నోరు 8 సెం.మీ., అంచు కోణం 40 డిగ్రీల చుట్టుపక్కల. పచ్చి వెదురు మీద ప్రయత్నిస్తే నరకడానికి క్లీవర్, కోయడానికి చేతిగొడ్డలి పక్క అంచు బాగా పనిచేశాయి. క్వార్ట్‌జైట్ అంచు అబ్సిడియన్ (అగ్నిపర్వతపు గాజురాయి) అంత నిశితంగా ఉండదు. కానీ రేణువుల వల్ల సన్నటి రంపపు గరుకు ఉండి, పదును ఎక్కువసేపు నిలుస్తుంది.

గుర్తు వెయ్యడం, పెచ్చుల పారవేత

కొత్త పనిముట్టు పొరపాటున పాతదాని కింద చలామణీ కాకూడదు. ప్రతి నమూనా మడమ మీద వజ్రపు మొనతో సంవత్సరం, సంఖ్య చెక్కాం. సిరా చాలదు, చెరిగిపోతుంది. పెచ్చులు ఆరుబయట వదిలెయ్యకూడదు. అవి అచ్చం పాత పెచ్చుల్లాగే ఉంటాయి, వేల ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంటాయి. గోనెసంచిలో కట్టి, ఈ ఏటి నాణెం ఒకటీ గాజు సీసా ఒకటీ అందులో పడేసి గోతిలో పూడ్చాలి.

తర్వాతి పని

అత్తిరంపాక్కం పై పొరల్లో సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ల కిందటే లెవల్వా పద్ధతి కనిపిస్తుందని 2018లో వెల్లడైంది. కోర్ (పెచ్చులు తీసే మూలరాయి) ముఖాన్ని ముందే మలిచి, కావాల్సిన ఆకారంలో పెచ్చుని ఒక్క దెబ్బతో తీసే పద్ధతి అది. క్లీవర్‌లో ఉన్న ఆలోచననే ఇంకా ముందుకి తీసుకెళ్లినట్టు ఉంటుంది. బండలో మిగిలిన ముక్క దాదాపు 9 కిలోలు ఉంది. నీళ్ల పరీక్షలో ఓ పక్క మాత్రమే నెర్ర కనిపించింది. ముందు ఆ పక్క కొట్టేసి, ముఖం చుట్టూ పెచ్చులు తీసి ఉబ్బు సరిచేశాక కోణాలు మళ్లీ కొలవాలి.